పిల్లల సైకలాజికల్ అసెస్‌మెంట్: ఖర్చెంత, ఏ వరుసలో చేయించాలి, డబ్బు ఎక్కడ వృథా అవుతుంది

స్కూలు నుంచో పిల్లల డాక్టర్ నుంచో ‘ఒకసారి అసెస్‌మెంట్ చేయించండి’ అన్న మాట రాగానే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ‘ఎంతవుతుంది?’ అని. ఎంతోమంది అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఒకే పిల్లవాడికి ఒకే ఊళ్లో ఈ పని ఉచితంగానూ అవుతుంది, పాతిక వేలూ అవుతుంది. ఈ తేడాకు పరీక్ష నాణ్యత ఒక్కటే కారణం కాదు. రిపోర్టు దేనికి కావాలో తేల్చుకోకుండా వెళ్లి అక్కర్లేని పరీక్షలు చేయించుకోవడం, ఆ రిపోర్టు చెల్లదని తెలిశాక మరో చోట మళ్లీ కట్టడం వల్ల బిల్లు ఎక్కువగా పెరుగుతుంది. అందుకే రేట్ల కంటే ముందు వరుస చెబుతాను.

## 1. రిపోర్టు ఎవరి చేతికి వెళ్లాలో తేల్చుకోండి

రిపోర్టు చదివేవాళ్లు నాలుగు రకాలు. వాళ్లను బట్టే ఎవరి దగ్గరకు వెళ్లాలి, ఏ పరీక్ష చాలు అన్నది తేలుతుంది.

మీకు, థెరపిస్టుకు. బిడ్డకు ఏం వచ్చు, ఏం రావడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది తెలిస్తే చాలు. పెద్ద ప్యాకేజీ అవసరం లేదు.

స్కూలుకు. ‘రిపోర్టు తెండి’ అన్నప్పుడు ఏ పరీక్షలు కావాలో, ఎవరి సంతకం ఒప్పుకుంటారో రాతపూర్వకంగా అడగండి. ఒక ఈమెయిల్ చాలు. నోటిమాట నమ్మి వేలు ఖర్చు పెట్టాక ‘ఇది కాదు, గవర్నమెంట్ హాస్పిటల్ నుంచి కావాలి’ అంటే ఆ డబ్బు పోయినట్టే.

పరీక్షల బోర్డుకు. పదో తరగతిలో అదనపు సమయం, స్క్రైబ్ (చెప్పింది రాసిపెట్టే సహాయకుడు), భాష మినహాయింపు లాంటివి కావాలంటే ప్రైవేట్ సైకాలజిస్టు రిపోర్టు ఒక్కటే సాధారణంగా సరిపోదు. బోర్డు చెప్పిన అధికారి లేదా మెడికల్ బోర్డు ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. దీన్ని తొమ్మిదో తరగతి మొదట్లోనే మొదలుపెట్టండి.

ప్రభుత్వానికి. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ పత్రం), యుడిఐడి కార్డు (వైకల్య గుర్తింపు కార్డు) కోసమైతే మెడికల్ బోర్డు దగ్గర ఎలాగూ పరీక్షిస్తారు. ముందే ప్రైవేట్‌లో పూర్తి సెట్ చేయించుకోవడం చాలామంది విషయంలో రెట్టింపు ఖర్చు. పాత రిపోర్టు ఉంటే పట్టుకెళ్లండి, లేదంటే దానికోసం కొత్తగా కట్టకండి.

ఇప్పుడు మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి. ‘పాప మూడో తరగతి, మాటలు బాగా వచ్చు, అయినా చదవలేకపోతోంది, ఎందుకు?’ అని రాసుకుంటే చాలు. ‘అన్ని టెస్టులూ చేయండి’ అని అడిగితే అన్ని టెస్టులకూ బిల్లు వేస్తారు.

## 2. డబ్బు కట్టే ముందు పూర్తి చేయాల్సినవి

మొదట వినికిడి, తర్వాత చూపు. ఈ రెండూ తేలకుండా ఐక్యూ పరీక్షకు కూర్చోబెట్టడం నా దృష్టిలో పెద్ద తప్పు. చెవిలో నీరు చేరి సరిగా వినపడని పిల్లవాడు పిలిస్తే పలకడు, మాటలు ఆలస్యమవుతాయి. చూసేవాళ్లకు ఆటిజం అనిపిస్తుంది. బోర్డు మీది అక్షరాలు కనపడని పాప చదువులో వెనకబడుతుంది. చిన్న పిల్లలకు వినికిడిని బెరా పరీక్షతో (శబ్దానికి మెదడు స్పందనను కొలుస్తారు), కాస్త పెద్దవాళ్లకు ఆడియోమెట్రీతో (శబ్దం వినిపిస్తే చెప్పమంటారు) చూస్తారు.

తర్వాత పిల్లల డాక్టర్‌ను కలవండి. ఫిట్స్, థైరాయిడ్, రక్తహీనత, నిద్ర సమస్యల్లాంటివి ఆయన చూస్తారు. చిన్న పిల్లలైతే డెవలప్‌మెంటల్ పీడియాట్రిషన్ (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టర్) దొరికితే ఇంకా మంచిది.

ఆటిజం అనుమానం ఉండి బిడ్డ వయసు 16 నుంచి 30 నెలల మధ్య ఉంటే ఎం-చాట్-ఆర్ అనే 20 ప్రశ్నల ఉచిత స్క్రీనింగ్ ఉంది. డాక్టర్ దగ్గరే అయిదారు నిమిషాల్లో నింపవచ్చు. అది అనుమానాన్ని మాత్రమే చెబుతుంది, నిర్ధారణ కాదు. అందులో రిస్క్ ఉందని వస్తే టెన్షన్ పడకుండా తర్వాతి మెట్టుకు వెళ్లండి.

ఒక ఫైల్ తయారు చేసుకోండి. ఇది చేతిలో ఉంటే మొదటి సిట్టింగ్‌లోనే సగం పని అయిపోతుంది.

- కాన్పు నాటి డిశ్చార్జ్ సమ్మరీ: నెలలు నిండాయా, బరువెంత, పుట్టగానే ఏడ్చారా, ఐసీయూలో ఉంచారా
- మెడ నిలిపింది, కూర్చున్నది, నడిచింది, మొదటి మాట అన్నది ఎప్పుడో
- ఫిట్స్, వాడుతున్న మందులు
- వినికిడి, చూపు రిపోర్టులు
- గత రెండేళ్ల ప్రోగ్రెస్ కార్డులు, తప్పులతో ఉన్న అసలు నోటు పుస్తకాలు (ఫెయిర్ నోట్సు పనికిరాదు)
- క్లాస్ టీచర్ రాసిన అర పేజీ: క్లాసులో ఎలా కూర్చుంటాడు, ఏ సబ్జెక్టులో ఇబ్బంది, స్నేహితులతో ఎలా ఉంటాడు
- ఇంట్లో మామూలుగా ఆడుకుంటున్నప్పుడు, తింటున్నప్పుడు తీసిన రెండు మూడు చిన్న వీడియోలు
- ఇంతకుముందు ఎక్కడైనా పరీక్ష చేయించి ఉంటే ఆ రిపోర్టు, తేదీతో సహా

## 3. ఏ అనుమానానికి ఏ పరీక్ష

ఎదుగుదల, తెలివితేటల్లో వెనకబాటు. ఇక్కడ రెండు కలిపి చూడాలి. ఒకటి ఐక్యూ: బినే-కామత్, మిసిక్, విస్క్ లాంటివి. రెండోది రోజువారీ పనులు సొంతంగా ఎంతవరకు చేసుకుంటున్నారో చెప్పే వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్. ఐక్యూ అంకె ఒక్కటే ఇచ్చి పంపిస్తే ఆ అసెస్‌మెంట్ సగమే అయింది. రెండున్నరేళ్ల లోపు పిల్లలకు ఐక్యూ పరీక్ష పెట్టరు, డాసీ లాంటి ఎదుగుదల స్కేళ్లు వాడతారు.

ఆటిజం. మన దేశంలో సర్టిఫికెట్ కోసం వాడేది ఐఎస్ఏఏ (ఆటిజం ఎంత ఉందో కొలిచే భారతీయ స్కేలు). సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ నీపిడ్‌లోనే (దాని గురించి 5వ భాగంలో) తయారైన స్కేలు ఇది. 40 అంశాలు ఉంటాయి, మొత్తం స్కోరు 70 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఆటిజం కింద లెక్క. దీనితోపాటు కార్స్ అనే మరో ఆటిజం స్కేలు కూడా ఎక్కువగా వాడతారు. ఆడోస్ అనే పరీక్ష ఖరీదైనది. కిట్ విదేశాలది, శిక్షణ పొందినవాళ్లు తక్కువ. లక్షణాలు స్పష్టంగా లేనప్పుడు, డాక్టర్లే తేల్చుకోలేకపోతున్నప్పుడు అది ఉపయోగం. ప్రభుత్వ సర్టిఫికెట్‌కు అది అవసరం లేదు.

చదవడం, రాయడం, లెక్కల్లో ఇబ్బంది. లెర్నింగ్ డిసేబిలిటీ అనుమానం ఉంటే వరుస ఇది: చూపు, వినికిడి, తర్వాత ఐక్యూ, అది సాధారణ స్థాయిలో ఉందని తేలాకే నిమ్‌హాన్స్ ఎస్ఎల్‌డీ బ్యాటరీ (లెర్నింగ్ డిసేబిలిటీని తేల్చే పరీక్షల సెట్) లాంటి పరీక్ష. ఐక్యూ ఫలితం చూడకుండా రెండింటికీ ముందే కట్టకండి. నిమ్‌హాన్స్ బ్యాటరీలో 5-7 ఏళ్ల వారికి ఒక లెవెల్, 8-12 ఏళ్ల వారికి ఒక లెవెల్ ఉన్నాయి. మీ అబ్బాయి తొమ్మిదో తరగతి అయితే ఏ పరీక్ష వాడతారో ముందే అడగండి. సర్టిఫికెట్ 8 ఏళ్లు నిండాకే ఇస్తారు, 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ చూస్తారు. ఆరేళ్ల పాపకు సర్టిఫికెట్ కోసమని ఇప్పుడే ఖర్చు పెట్టడం వృథా. అదే డబ్బు రెమెడియల్ టీచింగ్‌కు (వెనకబడిన చోట విడిగా చెప్పించే పాఠాలకు) పెట్టండి.

కుదురు లేకపోవడం, ఏకాగ్రత. ఏడీహెచ్‌డీని (కుదురు, ఏకాగ్రత లేకపోయే సమస్యను) నిర్ధారించే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. సైకియాట్రిస్టు లేదా క్లినికల్ సైకాలజిస్టు తల్లిదండ్రులతో మాట్లాడి, ఇంట్లోనూ స్కూల్లోనూ లక్షణాలున్నాయా, 12 ఏళ్ల లోపే మొదలయ్యాయా అని చూసి చెబుతారు. వాండర్‌బిల్ట్ లాంటి ప్రశ్నాపత్రాలు తల్లిదండ్రులు, టీచర్ నింపుతారు, వాటికి లైసెన్స్ ఖర్చు లేదు. ‘బ్రెయిన్ మ్యాపింగ్’ (మెదడు తరంగాల రికార్డింగ్) చేయాలంటే ఎందుకో అడగండి. ఇంకో మాట: 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ లేదు. కాబట్టి దాని ఒక్కదాని మీద సదరం స్లాట్ కోసం తిరగకండి.

వేలిముద్రలు తీసుకుని ‘మీ బాబు తెలివి ఏ రంగంలో ఉందో చెబుతాం’ అనే డీఎంఐటీని స్కూళ్లలో కూడా అమ్ముతున్నారు. దానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

## 4. ప్రైవేట్‌లో ఎంత అడుగుతారు

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల వినిపించే సుమారు రేట్లు ఇవి. సెంటర్‌ను బట్టి, చేసేవారి అనుభవాన్ని బట్టి పైకీ కిందికీ మారతాయి.

- మొదటి కన్సల్టేషన్: రూ.500 నుంచి 1,500
- ఐక్యూ, సోషల్ మెచ్యూరిటీ కలిపి: రూ.1,500 నుంచి 5,000
- ఐఎస్ఏఏ లేదా కార్స్‌తో ఆటిజం అసెస్‌మెంట్: రూ.2,000 నుంచి 6,000
- ఆడోస్: రూ.8,000 పైన
- ఎస్ఎల్‌డీ బ్యాటరీ: రూ.3,000 నుంచి 10,000
- ఐక్యూ, చదువు, ప్రవర్తన, భావోద్వేగాలు అన్నీ కలిపిన పూర్తి అసెస్‌మెంట్: రూ.10,000 నుంచి 25,000

ఇంత తేడా ఎందుకు? మీరు చూసేది పిల్లవాడితో గడిపిన గంటన్నర మాత్రమే. స్కోరింగ్‌కు, రిపోర్టు రాయడానికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. విదేశీ పరీక్షల కిట్లు ఖరీదైనవి, ప్రతి పిల్లవాడికీ కొత్త రికార్డు ఫారం కొనాలి. నిజాయతీగా చేసేవాళ్లు అడిగే ఫీజు చాలాసార్లు న్యాయమైనదే. అనుమానించాల్సింది మరీ తక్కువ రేటును. ముప్పై నిమిషాల్లో ఐక్యూ, ఆటిజం, ఏడీహెచ్‌డీ అన్నీ తేల్చేశామంటే అక్కడ పరీక్ష జరగలేదని అర్థం.

‘ఉచిత అసెస్‌మెంట్’ అన్న బోర్డు దగ్గరా ఆగి ఆలోచించండి. ప్రభుత్వ సంస్థల్లో ఉచితం నిజమైన ఉచితం. కొన్ని థెరపీ సెంటర్లలో మాత్రం ఆ ఉచిత పరీక్ష తర్వాత మూడు నెలల థెరపీకి ఒకేసారి కట్టమంటారు. పరీక్షించినవాళ్లే థెరపీ అమ్ముతుంటే రిపోర్టు చేతికి తీసుకుని, బయట మరొకరికి చూపించాకే నిర్ణయం తీసుకోండి.

## 5. ఉచితంగా, తక్కువ ఖర్చులో ఎక్కడ

ఆర్‌బీఎస్‌కే, డీఈఐసీ. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల్ని ఉచితంగా స్క్రీన్ చేస్తారు. వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి రావాలి. అక్కడ అనుమానం వచ్చినవారిని జిల్లా స్థాయిలోని డీఈఐసీకి, అంటే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. మీ ఏఎన్‌ఎం లేదా ఆశా వర్కర్‌ను అడిగితే దారి చూపిస్తారు.

నీపిడ్, సికింద్రాబాద్. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఉంది. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో పెట్టిన ఈ కేంద్ర సంస్థలో సైకాలజీ, స్పెషల్ ఎడ్యుకేషన్, థెరపీ ఒకే చోట దొరుకుతాయి, ఫీజు నామమాత్రం. వినికిడికి సంబంధించిన అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే ఉంది, కాబట్టి దూరం నుంచి వచ్చేవాళ్లు రెండు పనులూ ఒకే ప్రయాణంలో ప్లాన్ చేసుకోవచ్చు. పొద్దున్నే చేరుకోండి, ఒక్క రోజులో అంతా అయిపోతుందని మాత్రం అనుకోకండి. నెల్లూరు వైపు వాళ్లకు అక్కడి సీఆర్‌సీ (ఇలాంటి సేవలిచ్చే కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కేంద్రం) దగ్గరవుతుంది.

ప్రభుత్వ మానసిక వైద్యశాలలు. ఎర్రగడ్డలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల. పేరు విని చాలామంది వెనకాడతారు, బంధువులకు తెలిస్తే ఏమంటారో అని. మీ బిడ్డ అవసరం ముందు ఆ మాటలు లెక్కలోకి రాకూడదు. మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లోని సైకియాట్రీ ఓపీల్లోనూ, మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లోనూ అడగవచ్చు.

భవిత కేంద్రాలు. సమగ్ర శిక్షా అనే ప్రభుత్వ బడి విద్యా పథకం కింద మండల స్థాయిలో పనిచేస్తాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం జరిగే గుర్తింపు శిబిరాల తేదీలు ఇక్కడ తెలుస్తాయి.

ఎటు వెళ్లాలో తోచకపోతే 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. సర్టిఫికెట్ కోసమైతే ఆంధ్రలో సచివాలయంలో గానీ, రెండు రాష్ట్రాల్లోనూ మీసేవలో గానీ సదరం, యుడిఐడి దరఖాస్తు గురించి అడగండి.

ప్రభుత్వ సంస్థల్లో డబ్బు మిగులుతుంది, కానీ ఎదురుచూపు ఉంటుంది. మూడేళ్ల లోపు బిడ్డకు మాటలు రావడం లేదంటే అపాయింట్‌మెంట్ కోసం థెరపీ ఆపకండి. స్పీచ్ థెరపీ మొదలుపెట్టడానికి రిపోర్టు పూర్తిగా రావాల్సిన అవసరం లేదు.

## 6. బుక్ చేసే ముందు ఫోన్‌లో అడగాల్సినవి

- పరీక్ష చేసేవారి పేరు, అర్హత, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటి?
- ఏ ఏ పరీక్షలు చేస్తారు, ఎన్ని సిట్టింగులు?
- చెప్పిన ఫీజులో రిపోర్టు, ఫలితాలు వివరించే సిట్టింగ్ కలిసి ఉన్నాయా?
- తెలుగులో పరీక్ష చేయగలరా?
- రిపోర్టు ఎన్ని రోజుల్లో ఇస్తారు?
- స్కూలుకు విడిగా లెటర్ కావాలంటే మళ్లీ కట్టాలా?
- పిల్లవాడు మధ్యలో సహకరించకపోతే మరో సిట్టింగ్‌కు ఛార్జీ ఉందా?

మొదటి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేసేవారు 1992 నాటి ఆర్‌సీఐ చట్టం కింద సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్‌లో నమోదై ఉండాలి. ఆ నంబరును ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు. కౌన్సెలింగ్ డిప్లొమా ఉన్నవారు మంచి కౌన్సెలర్ అయి ఉండవచ్చు, కానీ వారి సంతకంతో వచ్చిన ఐక్యూ రిపోర్టు బోర్డు దగ్గర నిలబడదు. నంబరు చెప్పడానికి ఇబ్బంది పడితే వేరే చోటు చూసుకోండి.

## 7. పరీక్ష రోజు

1. బాగా నిద్రపోయాక, తిన్నాక, పొద్దుటి సమయంలో తీసుకెళ్లండి.
2. జలుబు, జ్వరం ఉంటే వాయిదా వేయండి. అడ్వాన్స్ పోతుందేమోనని అలాగే కూర్చోబెడితే వచ్చే స్కోరు బిడ్డది కాదు, జ్వరానిది.
3. కళ్లద్దాలు, వినికిడి యంత్రం మరిచిపోకండి. రోజూ వేసే మందు ఆ రోజు వేయాలా వద్దా అన్నది డాక్టర్‌ను అడగండి.
4. ‘పరీక్ష’ అని భయపెట్టకండి. ‘ఒక మేడమ్ బొమ్మలతో, ప్రశ్నలతో కొన్ని పనులు చేయిస్తారు’ అనండి.
5. ఇంటర్నెట్‌లో నమూనా ప్రశ్నలు వెతికి నేర్పించకండి. స్కోరు పెరిగితే అందాల్సిన సాయం అందకుండా పోతుంది.
6. ఇంట్లో ఏ భాష, బడిలో ఏ మీడియం అన్నది మొదటి నిమిషంలోనే చెప్పండి.

ఈ చివరి విషయం మన పిల్లలకు చాలా కీలకం. ఇంట్లో తెలుగే మాట్లాడుతూ ఇంగ్లిష్ మీడియంలో చదివే పాపకు ప్రశ్నలన్నీ ఇంగ్లిష్‌లో అడిగితే, తెలిసిన జవాబు కూడా నోటికి రాదు. భాషతో సంబంధం లేని, బొమ్మలతో చేసే పరీక్షలు ఉన్నాయి. మాటల భాగానికీ బొమ్మల భాగానికీ స్కోర్లలో పెద్ద తేడా ఉంటే భాష గురించి తప్పకుండా అడగండి.

## 8. రిపోర్టు తీసుకునే ముందు సరిచూసుకోండి

- పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా? ఒక్క అక్షరం తేడా ఉన్నా సర్టిఫికెట్ దగ్గర మళ్లీ తిరగాలి
- పరీక్ష జరిగిన తేదీలు, వాడిన పరీక్షల పేర్లు
- మొత్తం స్కోరుతోపాటు విడివిడి భాగాల స్కోర్లు
- పరీక్షలో బిడ్డ ఎలా ఉన్నాడన్న వివరణ
- మీరు మొదట అడిగిన ప్రశ్నకు జవాబు
- ఇంట్లో, స్కూల్లో చేయాల్సిన పనులు
- సంతకం, స్టాంపు, ఆర్‌సీఐ నంబరు

రెండు లైన్ల రిపోర్టు ఇస్తే మొహమాట పడకండి, వివరాలు అడగండి. మానసిక వైద్య సేవలు పొందినవారికి తమ రికార్డులు చూసుకునే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి, స్కూలుకు జిరాక్స్ చాలు. ఇంట్లోని గొడవల వివరాలు రిపోర్టులో ఉంటే స్కూలు కోసం అవి లేని సంక్షిప్త రిపోర్టు అడగవచ్చు.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే దారి

ఫలితం నచ్చక వెంటనే మరో చోట అదే పరీక్ష. ప్రశ్నలు గుర్తుండటం వల్ల రెండోసారి స్కోరు నిజం కంటే ఎక్కువ వస్తుంది. ఏడాది లోపు అదే పరీక్ష చేయించకండి. రెండో అభిప్రాయం కావాలంటే మొదటి రిపోర్టును చూపించి, మరో రకం పరీక్ష అవసరమా అని అడగండి. దీనికి కన్సల్టేషన్ ఫీజు మాత్రమే అవుతుంది.

కొత్త డాక్టర్ దగ్గర పాత రిపోర్టు దాచడం. ‘ఆయన సొంతంగా చెప్పాలి’ అని చాలామంది దాస్తారు. దీనివల్ల ఖర్చు రెట్టింపవుతుంది, ఫలితమూ చెడుతుంది.

బిల్లు తీసుకోకపోవడం. చాలా హెల్త్ పాలసీల్లో ఓపీ ఖర్చు రాదు, కానీ కొన్ని కంపెనీల ఉద్యోగుల పాలసీల్లో ఓపీ కవర్ ఉంటుంది. డాక్టర్ రాసిన రిఫరల్, పరీక్ష పేరుతో ఉన్న బిల్లు ఉంటేనే క్లెయిమ్ అడగగలరు.

సర్టిఫికెట్ వచ్చాక దాన్ని బీరువాలో పెట్టేయడం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కేంద్ర సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది, ఓపీ, థెరపీ ఖర్చులకు కూడా పరిమితి మేరకు వర్తిస్తుంది. ముందే ఉన్న సమస్య అని తిరస్కరించరు.

## 10. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు

అక్కడ ప్రైవేట్ అసెస్‌మెంట్‌కు వేల డాలర్లు అవుతాయి. కట్టే ముందు పబ్లిక్ స్కూలుకు ‘మా బిడ్డకు స్పెషల్ ఎడ్యుకేషన్ ఎవాల్యుయేషన్ కావాలి’ అని తేదీ వేసి లెటర్ ఇవ్వండి. ఐడియా (అక్కడి ప్రత్యేక విద్యా చట్టం) కింద అది ఉచితం. మీరు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాక 60 రోజుల్లో, లేదా మీ రాష్ట్రం పెట్టిన గడువులో, పూర్తి చేయాలి. మూడేళ్ల లోపు పిల్లలకు ఎర్లీ ఇంటర్వెన్షన్ (చిన్న వయసులోనే సాయం అందించే కార్యక్రమం) ఎవాల్యుయేషన్ కూడా ఉచితమే. స్కూలు చేసిన దానితో ఏకీభవించకపోతే స్వతంత్ర ఎవాల్యుయేషన్‌ను స్కూలు ఖర్చుతో అడగవచ్చు, స్కూలు ఒప్పుకోకపోతే అధికారిక విచారణకు (హియరింగ్) వెళ్లి తన పరీక్ష సరైనదని నిరూపించుకోవాలి.

ఇంట్లో తెలుగు మాట్లాడతామని లెటర్‌లోనే రాయండి. బిడ్డకు వచ్చిన భాషలో పరీక్షించాలని ఆ చట్టమే చెబుతోంది, మీటింగుల్లో మీకు ఇంటర్‌ప్రెటర్ కావాలన్నా అడగవచ్చు. ఇండియాకు తిరిగి వచ్చేస్తుంటే ఐఈపీ (స్కూలు మీ బిడ్డకోసం రాసిన విద్యా ప్రణాళిక) కాపీలు, ఎవాల్యుయేషన్ రిపోర్టులు అన్నీ విడివిడి స్కోర్లతో తీసుకుని రండి. ఇక్కడ సర్టిఫికెట్ కోసం మెడికల్ బోర్డు మళ్లీ చూస్తుంది, కానీ థెరపీ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలుపెట్టడానికి ఆ కాగితాలు ఉంటే మరో పూర్తి అసెస్‌మెంట్‌కు కట్టాల్సిన పని ఉండదు.